ఆయుధపూజకు తోమిన విల్లు

మొన్న జగదల్‌పూర్‌లో తమ్ముడి కూతురి కొత్త ఇంటికి వెళ్తే, ముందుగది గోడకు వేలాడుతున్న వెదురు విల్లు చూపించి, నూరేళ్లనాటిదట పెదనాన్నా అని మురిసిపోయింది. దాన్ని దించి, పట్టుకునే చోట చూసి, మూడేళ్లకు మించి ఉండదన్నాను. ఆమె భర్త ఫోటో తీసి ఎవరికో పంపించి కనుక్కుంటానన్నాడే గానీ, మీకెలా తెలిసిందని నన్ను అడగలేదు. మా ఇంట్లో నా మాటకు విలువ లేకపోవడం ఇవాళ్టిది కాదు కనుక, అడగకపోయినా మీకు చెబుతాను.

దొర్ల ఆదివాసుల ఇళ్లలో విల్లును పొయ్యికి పైన కడతారు, పొగకు పురుగు పట్టదని. ఏళ్లు గడిచేకొద్దీ ఆ నలుపు వెదురుకు చర్మంలా అతుక్కుపోతుంది, కానీ చెయ్యి పట్టే చోట మాత్రం చెమటకు తేనెరంగు తేలి నున్నబడుతుంది. కొత్త వెదురుకు పొగబెట్టి అమ్మేవాటికి ఆ తేడా ఉండదు, కొస నుంచి కొస దాకా ఒకటే నలుపు. నారిగా కట్టే వెదురుబద్దను ఎప్పటికప్పుడు మారుస్తారు కాబట్టి దాన్ని చూసి వయసు చెప్పకూడదు. ఇదంతా నాకు నేర్పింది కిష్టారం వైపు నుంచి చింతపండు తెచ్చే ఒక దొర్ల రైతు. నాన్నకు స్నేహితుడు కావడంతో నేను మామ అనేవాణ్ణి, ఆయన అల్లుడా అనేవాడు.

నేను కోంటాలోని మా దుకాణంలో కూర్చోవడం మొదలుపెట్టిన ఏడు, దసరా ముందు, కళ్లు చూపించుకోవడానికి సుక్మా వెళ్తూ మామ తన తండ్రి విల్లును తిరిగొచ్చేదాకా దాచమని నా చేతిలో పెట్టాడు. నలుపును చూసి ధర కట్టే పట్నం బేరగాళ్లకు ఎన్నిసార్లు అడిగినా ఇవ్వని విల్లు అది. నేను సరుకు కోసం భద్రాచలం వెళ్లి రెండు రోజులకు తిరిగొచ్చేసరికి, ఆయుధపూజకని వదిన తక్కెడలతో, కత్తులతో పాటు దాన్ని కూడా చింతపండు, బూడిద పెట్టి తోమేసి, పసుపు కుంకుమలు అద్ది పీట మీద పెట్టింది. భక్తితోనే చేసింది, కాదనను. విల్లు మాత్రం నిన్న నరికిన వెదురులా మెరుస్తోంది.

మామ వచ్చి, దాన్ని చేతిలోకి తీసుకుని కళ్లు మూసుకున్నాడు. ఆయన వేళ్లు పాత నునుపులో సరిగ్గా కూర్చున్నాయి.

“విల్లు మా అయ్యదే. మా ముసలోళ్ల పొగ ఏది? ఎవలు తోమిండ్రు?”

అన్నయ్య గల్లాపెట్టె మీద నుంచి తల కూడా తిప్పలేదు. “మా తమ్ముడే మామా. వీని చేతులు ఊకుంటయా!”

పరాయివాళ్ల ముందు అన్న మాటకు ఎదురు చెప్పకూడదన్నది నాన్న పెట్టిన కట్టడి.

“నీకు జెప్పిందంతా శబరి ఏట్ల గలిసె గదా అల్లుడా,” అని మామ విల్లు భుజాన వేసుకుని మెట్లు దిగాడు. మళ్లీ మా దుకాణం ఎక్కలేదు.

కిష్టారం వెళ్లి నిజం చెప్పు అని అన్నయ్యను ఎన్ని ఏళ్లు పోరానో. ఇంత చిన్నదానికా అనేవాడు. నేనొక్కణ్ణే వెళ్తే తప్పించుకోవడానికి చెప్పినట్టుంటుంది, చెప్పాల్సినవాడు అన్నయ్య, కాబట్టి నేనూ వెళ్లలేదు. ముందు మామ పోయాడు, తరవాత అన్నయ్య. పోయిన దసరాకు, మతిమరుపు ముదిరిన వదిన నా చెయ్యి పట్టుకుని, “ఎంత మంచిగ తోమినవయ్యా మరిదీ ఆ విల్లు,” అంది. తోమింది నువ్వని చెప్పీ చెప్పీ అలిసిపోయాను, ఆమె నవ్వుతూనే ఉంది.

ఇప్పుడు విల్లు భుజాన వేసుకుని సంతకు వచ్చేవాళ్లు కనబడరు. మామ మనవలు బైకుల మీద మా దుకాణం ముందు నుంచే సుక్మాకు వెళ్తారు, ఆగరు. వాళ్లింట్లోనూ గ్యాసు పొయ్యి వచ్చిందని విన్నాను. ఆ విల్లు ఇక నల్లబడదు.