నాలుగు గంటల రేసులో నా వంతు

నేను కూకట్‌పల్లిలో ఉంటాను. హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం, వయసు నలభై రెండు. మూడేళ్లుగా ఆదివారాల్లో గో-కార్టు నడపడం నా సరదా. రేసులే జీవనంగా బతికేవాళ్ల మధ్యకు మాలాంటి ఔత్సాహికులు దిగవచ్చా అన్న వాదన మా మిత్రుల్లో ఎప్పుడూ నడుస్తుంటుంది. దిగవచ్చని అందరికంటే గట్టిగా అనేవాణ్ణి నేనే. కోకాపేట అవతల, జట్టువాళ్లు వంతులవారీగా ఒకే బండి నడిపే నాలుగు గంటల ఎండ్యూరెన్స్ రేసు ఉందని, ప్రొఫెషనల్ జట్లతో పాటు మమ్మల్నీ రానిస్తారని తెలియగానే ఇద్దరు సహోద్యోగులతో కలిసి పేరిచ్చాను.

ఆదివారం పొద్దున ఐదున్నరకు కేపీహెచ్‌బీలో క్యాబ్ ఎక్కాను. గచ్చిబౌలి మీదుగా కోకాపేట, ఆపైన ఔటర్ రింగు రోడ్డు పక్క సర్వీసు రోడ్డు. ఆ వేళ రోడ్లు ఖాళీ కనుక యాభై నిమిషాలే పట్టింది. కిరాయి ఐదు వందల యాభై. "గింత పొద్దుగాల ఆఫీసా సార్?" అన్నాడు డ్రైవరు. "కాదండి, రేసు. నేనే నడుపుతున్నా" అన్నాను. అద్దంలో నా బొజ్జ వంక ఓసారి చూసి, "జర పైలం సార్" అన్నాడు.

మా బండి చూసుకునే యాదగిరన్నకు బాలానగర్‌లో లేతు షాపుంది. నేను వెళ్లేసరికే ఆయన చైన్ బిగిస్తున్నాడు. ఎనిమిదింటికి రేసు మొదలైంది. తొమ్మిదిన్నరకు నా వంతు వచ్చింది. ట్రాక్ చుట్టూ నా తొమ్మిదో ల్యాపులో నాకు నీలం జెండా ఊపారు. వెనక వేగంగా వచ్చే బండికి దారి ఇమ్మని దాని అర్థం. కంగారులో మలుపు ముందు ఎడమకు జరిగాను. ఆ బండి అప్పటికే ఎడమవైపు నుంచే దూసుకొస్తోంది. నా వెనక చక్రానికి తగిలి, గిర్రున తిరిగి టైర్ల గోడను గుద్దుకుంది.

నడిపేది మౌనిక అనే అమ్మాయి. అప్పటిదాకా రేసులో ముందున్నది వాళ్ల జట్టే. స్టీరింగ్ సరిచేసేలోగా పన్నెండు ల్యాపులు పోయాయి. అంతకంటే పెద్ద సంగతి తర్వాత తెలిసింది. వచ్చే సీజనుకు ఆమెను తీసుకోవాలా అని చూడటానికి చెన్నై జట్టువాళ్లు ఆ రోజే వచ్చారు.

బండి దిగాక యాదగిరన్న దగ్గరికి వెళ్లాను. "యాదగిరన్నా, నేనింక ఎక్కను. ఆ అమ్మాయి పొట్ట మీద కొట్టాను" అన్నాను.

"నాకు చెప్తే ఏమొస్తది? పోయి ఆమెకు చెప్పు."

మౌనిక మణికట్టుకు ఐసు పెట్టుకుని కూర్చుంది. "తప్పు నాదేనండి. మాలాంటివాళ్లు అసలు ఇక్కడికి రాకూడదు" అన్నాను.

ఆమె ఐసు పక్కన పెట్టింది. "కోపమైతే మస్తుంది సార్. మీరు జాగ ఇద్దామని జరిగిన్రు, గదే తప్పు. మీ దారిల మీరు సక్కగ పోన్రి. దాటుడు నా పని. మళ్ల ఎక్కుతరా?"

"భయంగా ఉందండి."

"ఎక్కున్రి. ఇగ ఆఖరు గంట నేను గూడ ట్రాక్ మీద ఉంట."

ఎక్కాను. వెనక ఆమె బండి చప్పుడు దగ్గరైంది. అయినా పక్కకు జరగలేదు. మలుపులో లోపలి నుంచి సునాయాసంగా దాటి, కట్టు కట్టిన చెయ్యి ఒక్కసారి పైకెత్తింది. ఆ గంటలో నన్ను నాలుగుసార్లు దాటింది. వాళ్ల జట్టు ఐదో స్థానంలో, మేము చివరి నుంచి రెండో స్థానంలో ముగించాం. గేటు దగ్గర ఆమే పిలిచి, "చెన్నైవాళ్లు ట్రయల్‌కు రమ్మన్నరు సార్" అని చెప్పింది. నాకు కళ్లు చెమర్చాయి.

దిగవచ్చనే ఇప్పటికీ అంటాను, కానీ మునుపటంత గట్టిగా కాదు. నా సరదా పక్కనే ఇంకొకరి బతుకుతెరువు పరుగెడుతోందని ఆ రోజు దాకా నాకు తట్టలేదు. నన్ను వెళ్లిపొమ్మనే హక్కు ఆమెకుంది. అలా అనకుండా, నొప్పితో కూర్చుని కూడా నాకు నడపడం నేర్పింది. ఆ రుణం తీరేది కాదు. ఇలాంటి రేసుకు వెళ్లే ఆలోచన మీకుంటే గంట ముందే చేరుకుని, మిమ్మల్ని దాటబోయే ప్రొఫెషనల్ డ్రైవర్లతో మాట్లాడండి. ఏ మలుపులో ఎటునుంచి వస్తారో అడగండి. హెల్మెట్లు పెట్టుకున్నాక ఎవరి మాటా ఎవరికీ వినపడదు.