కరిగింది, కరుగుతోంది

మా ఆడపడుచును వర్క్‌షాపులో అందరూ కరగనమ్మ అంటారు. మైనమైనా కరుగుతుంది గానీ ఆవిడ కరగదట. ఆ పేరు పెట్టింది నేనేనని ఆవిడ అనుమానం. నేను కాదు. నాకు తట్టనందుకు ఇప్పటికీ బాధే.

సన్నటి గొట్టంలో మందు ఎంత పారుతోందో కొలిచే సెన్సార్లు చేస్తాం మేము. పసిపిల్లలకు మందు ఎక్కించే పంపుల్లో పెడతారు వాటిని. గొట్టం పక్కన ఒక హీటర్ తీగ ఉంటుంది. మందు పారితే ఆ వేడిని కాస్త మోసుకుపోతుంది. ఎంత పోయిందో చూసి, ఎంత పారిందో చెప్పాలి. చిక్కంతా బయటి వేడితోనే. ఎవరైనా వంగి చూసినా అంకె చెదురుతుంది. అందుకే సెన్సార్ కింద చిన్న అరలో మైనం పోసి, సగం కరిగేలా వెచ్చబెడతాం. కరుగుతున్నంతసేపూ మైనం వచ్చిన వేడినంతా మింగేసి, తన వేడి పెరగకుండా ఉంటుంది. మొత్తం కరిగిపోతే ఇక మింగలేదు. అంకె దారి తప్పుతుంది.

కాబట్టి మా దగ్గర ‘కరుగుతోంది’ అంటే పనికొస్తుందని, ‘కరిగింది’ అంటే చెడిందని. ఆవిడ చేతికింద పనిలో చేరిన కొత్తలో, సగం కరగ్గానే ఇంట్లో వెన్నకు అన్నట్టు ‘కరిగింది వదినా’ అనేదాన్ని. ఆవిడ ఒంటికాలి మీద లేచేది. ‘‘మాట రాని మొద్దును కట్టుకున్నాడు మా తమ్ముడు’’ అని అందరూ వినేలా అనేది. నాలుక సరిచేసుకున్నాను. ఆవిడ చెవి మాత్రం సరికాలేదు.

ఆసుపత్రి వాళ్లు సెన్సార్‌ను పరీక్షించి చూడడానికి వచ్చారు. నన్ను పనిలో ఉంచాలా, పంపేయాలా అన్నది ఆ పరీక్ష తరువాత ఆవిడ చెప్పే మాట మీద ఉంది. దీపాలన్నీ వేసి, వచ్చినవాళ్లంతా బల్ల మీదికి వంగారు. నేను మైనం అరకున్న గాజులోంచి చూశాను. తెల్లటి ముక్క ఒక్కటీ లేదు.

‘‘వదినా, కరిగింది.’’

ఆవిడ తల కూడా తిప్పలేదు. ‘‘మా మరదలికి మాటలు రావండీ. కరుగుతోంది అని దాని ఉద్దేశం. మొదలుపెడదాం.’’

‘‘కాదు వదినా, నిజంగానే మొత్తం కరిగింది!’’

‘‘నోరు మూసుకుని స్విచ్చి వెయ్యి.’’

వేశాను. మందు ఇంకా వదల్లేదు, గొట్టంలో చుక్క కదలడం లేదు. తెర మీద మాత్రం మందు పారుతోందని అంకె పెరుగుతూ పోయింది.

‘‘అంటే బిడ్డకు మందు అందకపోయినా అందుతోందనే చెబుతుందన్నమాట’’ అన్నారు వచ్చిన డాక్టరమ్మ. సంచి సర్దుకుని వెళ్లిపోయారు.

మేనేజరు మా ఇద్దరినీ గదిలోకి పిలిచాడు. ‘‘ఎవరు చేశారీ ఘనకార్యం?’’

నా పని అయిపోయిందనుకున్నాను. ఆవిడ ముఖం కందగడ్డలా ఉంది.

‘‘కరిగిందని చెప్పింది. కరిగింది. నేనే వినలేదు’’ అంది. ‘‘ఉంచుకోండి దీన్ని. నా బల్ల దగ్గర మాత్రం వద్దు.’’

నా మీద జాలితో కాదు. ఒప్పు మాటను తప్పు అనడం ఆవిడ వల్ల కాదు, అంతే. ఉద్యోగం నిలిచింది. దక్కినందుకు సంతోషమే, ఆవిడ నోటి నుంచి దక్కినందుకు ఒళ్లు మంట.

ఆ సాయంత్రం నుంచి నాతో మాటల్లేవు. ఏం కావాలన్నా తమ్ముడి చేత అడిగిస్తోంది.

‘‘వెన్న కరిగిందా అని అడగమంటోంది అక్క’’ అన్నారు మా ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి.

‘‘కరిగిందని చెప్పండి.’’

ఆయన వెళ్లి చెప్పారు. కుర్చీ జరిగిన చప్పుడైంది. ఆవిడ వచ్చి, నన్ను పక్కకు తప్పుకోమన్నట్టు చెయ్యి ఊపి, గిన్నెలోకి వంగి చూసింది.

కరిగే ఉంది. తమ్ముడితో ‘‘కరిగింది’’ అని చెప్పి వెళ్లిపోయింది.