రాణిగారి స్నానాల తొట్టి

నా చిన్నప్పుడు మేము నస్పూరులో బొగ్గుబాయి క్వార్టర్లలో ఉండేవాళ్లం. బాయిలో పనిచేసే మా పెద్దబాపు, అంటే మా నాన్నకు అన్న, ఏది అడిగినా జవాబు చెప్పేవాడు. అందుకని ఆయనకు తెలియని సంగతే లోకంలో లేదనుకునేదాన్ని.

ఒక సెలవురోజు ఆయన నన్ను చెన్నూరు అవతల ఒక పాత ఊరు చూడడానికి తీసుకెళ్లాడు. కాకతీయుల కాలంలో అది పెద్ద వ్యాపార పట్టణమట. మేము వెళ్లేసరికి కూలిన గోడలు, తుమ్మచెట్లు, పది పదిహేను ఇళ్లు మాత్రమే మిగిలి ఉన్నాయి. అయినా పెద్దబాపు చెయ్యి చాపి, ఇది ఏనుగుల కొట్టం, అది ముత్యాల అంగడి అంటూ నడిచాడు. ఆ ధీమా చూసి, బడిపిల్లలను వెంటబెట్టుకొచ్చిన ఒక పంతులు కూడా మా వెనకే వచ్చాడు. పిల్లలు నోటుపుస్తకాలు తీశారు. గర్వంతో నా కాళ్లు నేలమీద ఆనలేదు.

ఒక ఇంటి పక్కన పెద్ద రాతితొట్టి కనబడింది.

"గిది రాణిగారు పన్నీటితోని తానం జేసిన తొట్టి," అన్నాడు పెద్దబాపు.

పిల్లలంతా వంగి రాసుకుంటుండగా ఒక బర్రె తీరిగ్గా వచ్చి, తొట్టిలో మూతి ముంచి తాగసాగింది.

"సార్, గీమెనేనా రాణి?" అన్నాడొక పిల్లవాడు.

ఆ ఇంటి ముసలమ్మ బయటికొచ్చింది. "రాణి లేదు, గీణి లేదు బిడ్డా. గది మా కుడితి గోలెం. మా మామ చెక్కిచ్చిండు."

అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. పోదాం పదమని పెద్దబాపు చెయ్యి లాగాను. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. గొడవకు దిగుతాడేమో అనుకున్నాను. కానీ ఆయన అందరికన్నా గట్టిగా నవ్వాడు.

"రాసింది కొట్టెయ్యుండ్రి బిడ్డా, నాకు ఎర్క లేకనే చెప్పిన. అవ్వా, నీకు ఎర్కున్నది జర చెప్పు, ఇంటం."

ముసలమ్మ మమ్మల్ని ఇంటి వెనక్కి తీసుకుపోయింది. మట్టిలో సగం కూరుకుపోయిన రాతి అరుగులు వరుసగా ఉన్నాయి. దుకాణాలవి. పక్కనే బండరాతి మీద, బండ్ల చక్రాలు తిరిగి తిరిగి పడ్డ గాడి. అందులో చెయ్యి పెడితే నా మణికట్టు దాకా దిగింది. అక్కడ ఏమేం అమ్మేవాళ్లని పంతులు అడిగాడు.

"బట్టలని మా అత్త అంటుండె. నేను సూసిన్నా?" అంది ముసలమ్మ.

పెద్దబాపు చేతులు కట్టుకుని, బడిపిల్లాడిలా విన్నాడు.

ఇప్పుడు మా మనవరాలు అడిగే వాటిలో సగానికి నా దగ్గర జవాబు ఉండదు. తెలియదని చెప్పడానికి నాకు సిగ్గనిపించదు. ఆ మాట అనేసి, తెలిసినవాళ్ల దగ్గరికి ఇద్దరం కలిసి బయల్దేరుతాం.