పసుపు నీళ్లతో కడిగిన నేల

ఆ ఉదయం యోగేశ్వరన్ గది తలుపు తెరిచి నేల మీద ఎర్ర గీతల కోసం చూశాడు. అవి లేవు. కాంక్రీటు తడిగా ఉంది. నాలుగు మూలలా కోసిన నిమ్మ చెక్కలు ఉన్నాయి.

మలేషియాలోని కామెరన్ హైలాండ్స్ కొండల్లో తానా రాటా ఊరి చివర రెండంతస్తుల భవనం అది. కింద ఒక వ్యాపారి స్ట్రాబెర్రీలు నిలవ చేసే చల్లని గది, పైన కొత్తగా తయారవుతున్న అతిథి గృహం. కొండ మీద రాత్రులు చల్లగా ఉంటాయి కనుక నేల కింద వేడి నీళ్ల గొట్టాలు వేయించాలని యజమాని అనుకున్నాడు. కాంక్రీటులో ఆ గొట్టాలు పట్టేంత గాడి కోయడం యోగేశ్వరన్ పని. రెండు బ్లేడ్లు పక్కపక్కన తిరిగే మిషనుతో అతను నేలను చీలుస్తాడు. మధ్యలో మిగిలిన ముక్కను అతని మామ పైడయ్య సుత్తితో కొట్టి తీస్తాడు.

పైడయ్య అతనికి మేనమామ, పిల్లనిచ్చిన మామ, పని నేర్పిన గురువు కూడా. ఇద్దరిదీ కొండ కింద సుంగై సిపుట్ ఊరు.

"మావా, గీతలేవి?"

"ఏ గీతలు?"

"నిన్న ఇపో నుంచి వచ్చిన స్కాను కుర్రాడు గీసినాడు గదా, ఎర్ర సుద్దతో."

పైడయ్య చేతిలో ఇంకా చీపురు ఉంది. "కొత్త చోటు గదా, పసుపు నీళ్లతో కడిగినాను. కడక్కుండా మిషను పెడతావేటి?"

పెద్దలు రబ్బరు తోటల్లో పనిచేసిన రోజుల నుంచి వాళ్ల ఇంట్లో అదే పద్ధతి. కొత్త చోట మొదటి దెబ్బ వేసే ముందు నేల కడగాలి, నిమ్మకాయ కోయాలి, పనిముట్టుకు బొట్టు పెట్టాలి. యోగేశ్వరన్ కూడా ఎప్పుడూ కాదనలేదు. ఇంతకు ముందు ఏ సైటులోనూ నేల మీద గీతలు లేవు.

ఈ నేలలో మాత్రం కింది చల్లని గదికి కరెంటు తెచ్చే తీగ ఉంది. గొట్టంలో పెట్టి, కాంక్రీటులో పూడ్చేశారు. అది ఎటు పోతుందో కనిపెట్టడానికే స్కాను చేయించారు. బ్లేడు దానికి తగిలితే మిషను పట్టుకున్నవాడు బతకడం కష్టం.

"సుద్దతో గీసినోడిది తప్పు లా," అన్నాడు పైడయ్య, అక్కడి అందరిలాగే మాట చివర 'లా' తగిలించి. "అయినా నాకు గురుతుంది. ఇదిగో, కిటికీ కాడ నుంచి ఇలగొచ్చి, ఇక్కడ మలుపు తిరిగి, తలుపు కాడికి పోద్ది." జేబులోంచి పెన్సిలు తీసి వంగి గీత గీశాడు. దానికి జానెడు ఇవతల మరో గీత గీశాడు. "మనం ఇక్కడ కోస్తాం. బేగి కానియ్."

యోగేశ్వరన్ ఫోను తీశాడు. నిన్న తలుపు దగ్గర నిలబడి ఒక ఫొటో తీసుకున్నాడు. అందులో కిటికీ వెలుతురు నేల మీద పడి సగం గీతలు కనిపించడం లేదు. మలుపు ఉన్న చోట అంతా తెల్లగా ఉంది.

"సుమితకి సెప్పాలి మావా."

పైడయ్య చీపురు కింద పెట్టాడు. సైటు ఇంజనీరు సుమిత మొదటి రోజే అందరికీ చెప్పిన నియమం ఒకటుంది. స్కాను గీతలు ఎవరు చెరిపినా ఆ రోజే కొండ దిగాలి. పోయినేడు ఈ పని చేయిస్తున్న కాంట్రాక్టరు దగ్గరే ఒక పనివాడు తీగ కోసి రెండు చేతులూ కాల్చుకున్నాడు. నియమం అప్పటిది.

"సెప్తే నన్ను దింపేత్తారు."

"ఎరుకే."

"ముప్పయ్యేళ్లుగా కోస్తన్నాను. నా సెయ్యి ఏనాడైనా తప్పినాదా?"

"ఇయ్యాల మిషను పట్టేది నా సెయ్యి గదా."

"పిరికోడికి పిల్లనిచ్చినాన్రా. నాగవల్లితో ఏటి సెప్తావు? మీ నాన్నని పనిలోంచి తీయించినానని సెప్తావా?"

గదిలో సిగ్నలు ఉండదు. యోగేశ్వరన్ వరండా చివరకు నడిచి సుమితకు ఫోను చేశాడు. ఆమె పక్క వీధిలోనే ఉంది. విషయం విని, "ఎవరూ ఏదీ ముట్టుకోవద్దు, వస్తున్నా," అంది. ఆ మాట పూర్తయ్యేలోపే గదిలోంచి మిషను మోత వినిపించింది.

అతను ఫోను జేబులో పెట్టకుండానే పరుగెత్తాడు. గదిలో దుమ్ము లేచి ఉంది. పైడయ్య మోకాళ్ల మీద కూర్చుని, తాను గీసిన గీత మీద మిషనును మలుపు వైపు నెడుతున్నాడు. అరిచినా ఆ మోతలో వినపడదు. భుజం పట్టి లాగితే బ్లేడు ఎటు తిరుగుతుందో తెలియదు. యోగేశ్వరన్ గోడ దగ్గరికి వెళ్లి ప్లగ్గు పీకేశాడు.

బ్లేడ్లు కాసేపు తిరిగి ఆగాయి.

"ఇంకో మూరెడు ఉంటే అయిపోను," అన్నాడు పైడయ్య, తల ఎత్తకుండా.

సుమిత మెట్లెక్కి వచ్చేసరికి ఇద్దరూ చెరో గోడకు ఆనుకుని నిలబడ్డారు. ఆమె ఇపోలో పుట్టి పెరిగిన తెలుగు పిల్ల. భాష అర్థమవుతుంది, మాట్లాడటం తక్కువ. తడి నేలనూ నిమ్మ చెక్కలనూ సగం కోసిన గాడినీ చూసింది.

"ఎవరు కడిగింది?"

యోగేశ్వరన్ నోరు తెరిచేలోపే పైడయ్య అన్నాడు: "నేనే. కోసింది కూడా నేనే."

"అంకుల్, రూల్ తెలుసు కదా."

"తెలుసమ్మా."

"మా పాటి కూడా ఇలాగే కడుగుతారు," అంది ఆమె, వాళ్ల అవ్వను తలచుకుని. "కానీ రూల్ రూల్ లా. సారీ."

పైడయ్య సంచి భుజాన వేసుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి, "ఆ గీత సరిగ్గానే ఉంది. తవ్వి సూసుకోండి," అన్నాడు. తర్వాత బస్టాండు వైపు నడిచి వెళ్లిపోయాడు. అల్లుడి వైపు చూడలేదు.

స్ట్రాబెర్రీల లారీ బయలుదేరేదాకా కింది వ్యాపారి కరెంటు ఆపనన్నాడు. అది మధ్యాహ్నం కదిలింది. సుమిత స్వయంగా కిందికి వెళ్లి స్విచ్చు తీయించి, ఆ స్విచ్చు ఉన్న గదికి తాళం వేయించి, తాళం చెవి తన దగ్గరే పెట్టుకుంది. అప్పుడు యోగేశ్వరన్ మిషను పక్కన పెట్టి, ఉలీ సుత్తీ తీసుకుని, మామ కోసిన గాడి ఆగిన చోట కూర్చున్నాడు. మెల్లగా, పొర పొరగా కొట్టాడు. ప్రతి దెబ్బకూ ఆగి, ముక్కలు ఊది చూశాడు. పైన రెండు పొరలు ఊడినా ఏమీ కనిపించలేదు. మామ మాటే నిజమేమో అనిపించింది. మూడో పొర కింద, గాడి అంత లోతులోనే, బూడిద రంగు గొట్టం తేలింది. గాడికి ఎదురుగా అడ్డంగా పోతోంది.

సుమిత టేపు పట్టింది. గాడి చివరి నుంచి గొట్టం దాకా ముప్పై ఎనిమిది మిల్లీమీటర్లు.