బావ సరిచేసిన గీతలు

"చెరిపెయ్యండి. ఇంట్లో రబ్బరు లేదా? నేను తెచ్చివ్వనా?"

అక్క గొంతు మెట్ల దాకా వినబడుతోంది.

"చెరిపితే పిల్లల గీతలు కూడా పోతాయే."

"పోతే పోయాయి. నా గీత ఏదని వాళ్లొచ్చి అడుగుతారా?"

"వాళ్లడగరు. గైడ్ మేడమ్ అడుగుతుంది."

"అసలు పిల్లల బొమ్మల మీద మీ చెయ్యెందుకు పడింది?"

బావ బొమ్మల కట్ట సర్దుకుంటున్న చప్పుడు వినబడింది. నేను తలుపు తోసుకుని లోపలికెళ్లాను. "వచ్చాడు ఇంకొకడు. ఒకడు చదవలేక మానేశాడు, ఒకడు మానలేక చదువుతున్నాడు. నడుమ నా ప్రాణం తోడేస్తున్నారు" అంటూ అక్క వంటింట్లోకి వెళ్లిపోయింది. నేను డిగ్రీ మధ్యలో వదిలేసి జిరాక్స్ షాపులో పనిచేస్తున్నాను. ఆ మాట నాకు పెద్దగా తగల్లేదు. బావకి తగిలింది.

బావ చిన్నపిల్లల బడిలో డ్రాయింగ్ మాస్టారు. నల్లబల్ల మీద ఒక్క ఊపులో సున్నా చుట్టేస్తాడు, వంక పెట్టడానికి లేకుండా. ఏళ్ల తరబడి ఆదివారాలన్నీ పీహెచ్‌డీకే ధారపోశాడు. ఆయన పట్టుకున్న ప్రశ్న ఒకటే. మూడో తరగతిలో గోడలు కూడా వదలకుండా బొమ్మలేసే పిల్లలు, ఐదుకొచ్చేసరికి "నాకు రాదు సార్" అని ఎందుకు మానేస్తారు?

మూడు నుంచి ఐదు దాకా ఆ పిల్లలకే నెలనెలా తెల్లకాగితాలిచ్చి, తోచింది వెయ్యమన్నాడు. నియమం ఏంటంటే, మాస్టారు సలహా చెప్పకూడదు, కాగితం ముట్టుకోకూడదు. నోరు కట్టేసుకున్నాడు పాపం. చెయ్యి మాట వినలేదు. బెంచీల మధ్య తిరుగుతూ, చేతిలో ఉన్న పెన్సిలుతో ఇక్కడ వంగిన గోడని నిలబెట్టాడు, అక్కడ కుక్కకి తక్కువైన కాలు తగిలించాడు. ఎప్పుడు చేశాడో ఆయనకే తెలీదు. ఆ బొమ్మలన్నీ మా షాపులో స్కాన్ చేసింది నేనే. నాకూ కనబడలేదు. మేడమ్‌కి మాత్రం కనబడింది.

"చిన్నపిల్ల వేసిన కుర్చీకి ఇంత చక్కని కాళ్లా మాస్టారూ?" అందట.

తిట్టలేదు. అదే బాధ. మీ గీతలన్నీ ఎర్ర పెన్సిలుతో గుర్తుపెట్టి తెండి, మీ చెయ్యి పడని బొమ్మలు సగమైనా మిగిలితే థీసిస్ మీద సంతకం పెడతాను, లేకపోతే నావల్ల కాదు అంది. యూనివర్సిటీ ఇచ్చిన చివరి గడువు ఈ నెలాఖరు. మళ్లీ వేయించుకుందామంటే ఆ పిల్లలు పెద్దబడులకి వెళ్లిపోయారు.

కుర్చీ బొమ్మ వేసిన పిల్లని వెతుక్కుంటూ ఇద్దరం దాని కొత్త బడికి వెళ్లాం. గేటు దగ్గర బావ కాగితం చేతికిచ్చి, "ఇందులో నువ్వేసినవి ఏవి తల్లీ?" అన్నాడు.

ఆ పిల్ల కాగితాన్ని అటూ ఇటూ తిప్పింది. "బాగున్నవన్నీ మీవే సార్."

"మరి నీవి?"

"పిచ్చిపిచ్చిగా ఉన్నవి."

"ఇప్పుడు వేస్తున్నావా బొమ్మలు?"

"లేదు సార్. నాకు రాదుగా."

బస్సొచ్చింది, ఎక్కి వెళ్లిపోయింది.

దారిలో నేను ఊరుకోలేదు. "నీ ప్రశ్నకి జవాబు దొరికింది కదా బావా, అదే రాసెయ్" అన్నాను.

బావ ఆగిపోయాడు. "ఏం రాయమంటావురా? ముందు వాళ్లకి భయం పుట్టిందా, ముందు నా చెయ్యి పడిందా? అది తేల్చాలన్నా ఏ గీత ఎవరిదో తెలియాలిగా."

ఆదివారం హాల్లో చాప పరిచి కూర్చున్నాడు. నేను ఒక్కో కాగితం అందిస్తుంటే ఎర్ర పెన్సిలుతో గుర్తులు పెడుతున్నాడు. మొదట్లో చకచకా సాగింది. తర్వాత ఒక చెట్టు కొమ్మ దగ్గర చెయ్యి ఆగింది.

"ఇది నాదేనంటావా?"

"నాకేం తెలుసు బావా. గీతల్లో గీత."

"వాడిదేమో. వాడు కొంచెం బాగానే వేసేవాడు... కాదు, నాదే." గుర్తు పెట్టాడు. మళ్లీ తల అడ్డంగా ఊపాడు. "ఏమోరా."

తర్వాతి కాగితం ఒక ఇల్లు. తలుపు పక్కకి వాలి, ఇప్పుడో ఇంకాసేపటికో పడిపోయేలా ఉంది. బావ దాన్ని చాలాసేపు చూశాడు. కళ్లు పైకప్పు మీద ఉన్నాయి, అక్కడ తన గీత ఉందేమోనని వెతుకుతున్నాడు. చెయ్యి మాత్రం కిందికి జారి, ఆ తలుపుని ఎర్రగా, నిటారుగా నిలబెట్టేసింది.

చెప్పాలో వద్దో తెలియక నేను అక్క వైపు చూశాను. టీ గ్లాసులతో వెనకే నిలబడి ఉంది. గ్లాసులు కింద పెట్టి వెళ్లిపోయింది.

అప్పుడు చూసుకున్నాడు బావ. పెన్సిలు చాప మీద పెట్టి, కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని అలాగే కూర్చున్నాడు. టీ మీద మీగడ కట్టింది. నేను కాగితాలు సర్దుతుంటే, నా వైపు చూడకుండా అన్నాడు.

"ఈ కట్ట తీసుకెళ్లి మీ షాపులో పెట్టెయ్‌రా. నెలాఖరు దాటేదాకా నేనెన్నిసార్లు అడిగినా, బతిమాలినా, నాకు మాత్రం ఇవ్వకు."