రసాయనాలు లేని క్రీము

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో కాశీబుగ్గలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచరుగా చేసేదాన్ని. ముఖానికి రాసుకునే క్రీములు చెడిపోకుండా కలిపే ప్రిజర్వేటివ్‌లు ప్రమాదమని ఒకరు, కాదని ఇంకొకరు పత్రికలో ఒకే వ్యాసంలో వాదించుకున్నారు. నేను ఆ వ్యాసం మొదటి సగమే చదివి నా క్రీము డబ్బా పారేశాను. స్టాఫ్‌రూములో అందరి చేతా పారేయించాను కూడా.

ఇక సొంత తయారీ. కాలిస్తే సహజగుణం పోతుందని పచ్చి జీడిపిక్కలే చితక్కొట్టి, పప్పు తీసి, కొబ్బరిపాలతో నూరాను. పక్కింటి నీలమ్మ జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొడుతుంది. చూసి లబలబలాడింది.

"ఏటి సేత్తన్నావు టీచరమ్మా? ఆ తొక్కలో జీడిరసం తగిలితే తోలు ఊడిపోతాది!"

"ఇందులో రసాయనాలేవీ లేవు నీలమ్మా" అన్నాను జాలిగా. ఆ సాయంత్రమే ముఖానికి దట్టంగా పట్టించాను.

మర్నాడు స్కూలు వార్షికోత్సవం. స్వాగతోపన్యాసం నాది. పొద్దున లేచేసరికి కళ్ళు తెరుచుకోలేదు. ముఖమంతా బొబ్బలు.

డాక్టరు ట్యూబు మందు రాసిస్తే, వాచిన పెదాలతోనే అడిగాను. "ఇందులో ప్రిజర్వేటివ్‌లు ఉంటాయా?"

"ఉంటాయమ్మా. మందు పాడవకూడదు కదా" అన్నాడాయన నవ్వాపుకుంటూ.

వారం రోజులూ ఆ మందు నీలమ్మే రాసింది. ఆమె వేళ్ళు నల్లబడి, పగిలి, గరుగ్గా తగిలేవి. ఇన్నేళ్ళ ఇరుగుపొరుగులో మొదటిసారి అడిగాను, చేతులకేమైందని.

"నువ్వు ఒక్కపాలే రాసుకున్నావు. నాకు ఇరవయ్యేళ్ళుగా రోజూ అదే. రసాయనాలేవీ లేవు కదా టీచరమ్మా!"

ఆ వ్యాసంలో రెండో సగం చదవాల్సిన అవసరం నాకిక రాలేదు.