చి.ల.సౌ. కప్పమ్మ పెళ్లి పిలుపు

పాన్‌గల్ వాళ్ల దృష్టిలో శ్రవణ్ కుమార్ టీవీ రిమోట్ బాగుచేసేవాడు, ఆధార్‌కు ఫోను నంబరు ఎక్కించేవాడు, పక్కింటి ఫ్రిజ్ చప్పుడు చేస్తే చెవి పెట్టి వినేవాడు. ఇంట్లో కూర్చుని హైదరాబాద్ కంపెనీకి ప్రోగ్రాములు రాస్తాడంటే ఎవరూ నమ్మలేదు. కూర్చుని చేసేది పనెట్లా అవుతుందని వాళ్ల వాదన.

చెల్లెలు నవనీత పెళ్లి శ్రావణానికి కుదిరింది. తండ్రి దశరథానికి పిలుపుల బెంగ పట్టుకుంది. వనపర్తి జిల్లాలో సగం మంది ఆయనకు చుట్టాలే. ఒక్క మేనత్తను మరిచినా బతికినన్నాళ్లు మాట పడాలి.

"పరేషాన్ గాకు నాయినా, ప్రోగ్రాం రాస్త," అన్నాడు శ్రవణ్. "మీట నొక్కితే అత్తకు అత్తా అని, బావకు బావా అని, పేరువెట్టి అందరి వాట్సాప్‌కు పోతది."

"తప్పు వోతేరా?"

"ముందుగాల టెస్టింగు చేస్త. అసలుది పంపకముందు ఉత్తుత్తిగ చేసి చూసుకునుడన్నట్టు."

దశరథం అనుమానంగానే తలూపాడు. ఇంటి పరువును కొడుకు వేలి కింద పెట్టడం ఆయనకు అదే మొదలు.

ప్రోగ్రాములు రాసేవాళ్లు టెస్టింగుకు నోటికొచ్చిన పేరు పెడతారు. శ్రవణ్ చిన్నప్పటి నుంచీ చెల్లెలిని కప్పా అని ఏడిపించేవాడు. అదే చేతికొచ్చింది. వధువు చి.ల.సౌ. కప్పమ్మ, వరుడు చి. కప్పయ్య, రేపు పొద్దున పదింటికి మా ఇంట్లో, విందు కలదు. ఇది వాడి ఒక్క ఫోనుకే రావాలి. అయితే వరసలు సరిగ్గా పడుతున్నాయో లేదో చూద్దామని చుట్టాల నంబర్లన్నీ అంతకుముందే తగిలించి, తీయడం మరిచాడు.

మీట నొక్కాడు. వంటింట్లో అమ్మ జోగులమ్మ ఫోను టింగుమంది. వాకిట్లో నాన్న ఫోను. తర్వాత గోడ అవతల. ఆ టింగులు వీధి చివరిదాకా నడుచుకుంటూ పోతుంటే శ్రవణ్‌కు పై ప్రాణాలు పైనే పోయాయి. తుడిపేసేలోపే నాగప్ప మామ దాన్ని స్టేటస్ పెట్టుకున్నాడు.

మామూలు ఏడాదైతే నవ్వి ఊరుకునేవాళ్లు. కానీ పత్తి గింజలు పెట్టి నెల దాటినా చినుకు లేదు. వాన కోసం కప్పలకు పెళ్లి చేయడం ఆ మెట్ట ఊళ్లలో ఉన్నదే. పొద్దుగూకే సరికి ఫోన్ల మీద ఫోన్లు. "దశరథన్నా, మంచి పని చేస్తున్నవే! డప్పులోళ్లకు నేను చెప్పిన!"

"తప్పు వోయిందని చెప్త నాయినా," అన్నాడు శ్రవణ్ ఏడుపు మొహంతో.

"విందు కలదని రాసి, ఇప్పుడు లేదంటవా? పిలిచిన నోటితోనే పొమ్మంటే రేపు నవనీత పెండ్లికి ఎవడొస్తడు? పో, కప్పల్ని పట్కరా!"

ఆ కరువులో పిల్లనైనా ఇస్తారు గానీ కప్పనెవరిస్తారు! శ్రవణ్ ఊరంతా వెతికి వెతికి ఉసూరుమన్నాడు. చివరికి ఫిల్టర్ నీళ్ల ప్లాంటు నడిపే దోస్తు ఫయాజ్ తన వాడిన నీళ్లు పారే మోరీ మీది బండ లేపి, రెండింటిని పట్టిచ్చాడు.

"వీట్ల పిల్ల ఏది, పిల్లగాడు ఏది?"

"గది వాటికి తెల్వదా భాయ్? నడువు," అన్నాడు ఫయాజ్.

మర్నాడు డప్పులతో పెళ్లి ఘనంగా జరిగింది. తలంబ్రాల మధ్యలో పెళ్లికొడుకు గంతేసి జోగులమ్మ కొంగులో దూరాడు. ఫోనులో తనను పేరుపెట్టి "స్వరూపత్తా" అని పిలిచినందుకు పొంగిపోయిన మేనత్త, కప్పమ్మకు జాకెట్ గుడ్డ పెట్టింది. మబ్బు మాత్రం రాలేదు. చుట్టాలు కడుపునిండా తిని, ఆకాశాన్ని నోటినిండా తిట్టి వెళ్లారు.

అసలు పెళ్లికి దశరథం ప్రోగ్రాం మాటెత్తనివ్వలేదు. శ్రవణ్ అమ్మ వెంట కుంకుమ భరిణె పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు. ప్రతి గడపలో అదే ప్రశ్న. "ఈసారి మనుషులదేనా బిడ్డా?"

మనుషులదే. జీలకర్ర బెల్లం పెట్టే వేళకు ఆకాశం నల్లబడింది. టెంటు ఉబ్బి, ఒరిగి, వాన మొత్తం పప్పు గంగాళంలో పడింది. చూరు కింద దాక్కోవలసిన చుట్టాలు వాకిట్లోకి ఉరికి ఈలలు వేశారు. వాళ్లందరి పత్తీ బతికింది మరి! శ్రవణ్ మాత్రం చెల్లెలి పెళ్లి నీళ్లపాలైందని టెంటు గుంజ కౌగిలించుకుని నిలబడ్డాడు.

దశరథం వానలో నడిచి వచ్చి కొడుకు భుజం పట్టుకున్నాడు. ఆయన ఏడుస్తున్నాడు, నవ్వుతున్నాడు కూడా.

"ఉత్తుత్తిగ చేసి చూసుకునుడన్నవు గదరా," అన్నాడు. "దానికే గింత వడ్డది! ఆ మీట జర జోపానంగ దాచిపెట్టు. వచ్చే ఏడు మళ్ల నొక్కాలె."